జెన్ పొడవు, అంబాసిడర్ చోటు: ఇండికా కథ

టాటా ఇండికా 1998 డిసెంబరు 30న అమ్మకానికి వచ్చింది. పొడవు 3.7 మీటర్లకు లోపు, ఐదు తలుపులు, 1405 సీసీ ఇంజను. అంతవరకు భారతదేశంలో పెద్ద సంఖ్యలో తయారైన కార్లన్నీ మరో దేశంలో పుట్టి ఇక్కడికి వచ్చినవే. అంబాసిడర్ బ్రిటన్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కు, ప్రీమియర్ పద్మిని ఇటలీలోని ఫియట్ 1100కు, మారుతి 800 జపాన్‌లోని సుజుకి ఆల్టోకు ఇక్కడి రూపాలు. ఇండికాను మాత్రం మొదటి గీత నుంచీ ఈ దేశపు కుటుంబాన్ని, ఇక్కడి రోడ్లను, ఇక్కడి ఇంధన ధరలను లెక్కలోకి తీసుకుని గీశారు. ఆ లెక్క చాలావరకు కుదిరింది. అయితే కారు చివరికి చేరింది మాత్రం లెక్క వేసినవాళ్లు మనసులో పెట్టుకున్న మనిషి చేతికి కాదు.

తయారుచేసింది లారీల కంపెనీ. టాటా గ్రూపుకు చెందిన టెల్కో 1945లో జంషెడ్‌పూర్‌లో రైలింజన్ల కోసం మొదలైంది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసేనాటికే పుణేలో కొత్త కర్మాగారానికి, దాన్ని ఆనుకుని ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రానికి పునాదులు పడ్డాయి. 1986లో వచ్చిన 407 చిన్న లారీ, జపాన్ కంపెనీల భాగస్వామ్యంతో వచ్చిన లారీలన్నిటినీ తట్టుకుని నిలబడింది. సొంతంగా బండి గీసి అమ్మగలమన్న ధైర్యం కంపెనీకి అక్కడే వచ్చిందని చెప్పాలి.

కారు చేయడానికి ధైర్యం ఒక్కటే చాలదు, అప్పట్లో లైసెన్సు కావాలి. ఆ అడ్డంకిని టెల్కో కొంతకాలం పక్కనుంచి దాటింది. 1988 నాటి టాటామొబైల్ పికప్ చాసిస్ మీదే 1991లో సియర్రాను, 1992లో ఎస్టేట్‌ను కట్టింది. 1994లో సుమో వచ్చింది. ఇవన్నీ లారీ పద్ధతి బండ్లే. కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం, దానిమీద బాడీ, వెనక చక్రాలకు శక్తి. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగిపోయింది. దాంతో అడ్డు పోయింది, సాకు కూడా పోయింది.

అప్పటికి కార్ల మార్కెట్లో చాలా పెద్ద వాటా మారుతిదే. ఆ ఏడాదే టాటా గ్రూపు అధిపతి రతన్ టాటా, భారతీయ విడిభాగాల తయారీదారులంతా కలిసి ఒక ఆసియా కారు చేద్దామని ప్రతిపాదించారు. పరిశ్రమ నుంచి పెద్దగా స్పందన రాలేదు. అప్పుడు టెల్కో ఒంటరిగానే దిగింది. రతన్ టాటా పెట్టిన కొలత పత్రికల్లో పదేపదే వచ్చి సామెతలా స్థిరపడింది: మారుతి జెన్ అంత పొడవు, అంబాసిడర్ అంత లోపలి చోటు, మారుతి 800కు దగ్గరగా ధర, వీటికి తోడు డీజిల్ బండి ఖర్చు.

ఈ కొలతలో ప్రతి ముక్కకూ ఇక్కడి కారణం ఉంది. ఇరుకు వీధుల్లో తిప్పాలన్నా, ఇంటి ముందు కొద్దిపాటి జాగాలో నిలపాలన్నా చిన్న కారే నయం. అయితే ఆ చిన్న కారులో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లలో ఒకరితో కూర్చోవాలి. మారుతి 800 వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకు ఆనేవి. అంబాసిడర్‌లో ఆ ఇబ్బంది లేదు గానీ, అది నాలుగు మీటర్లు దాటిన బరువైన బండి, తాగేది కూడా ఎక్కువే. ఇక డీజిల్ సంగతి. రైతులు, లారీలు, బస్సులు వాడే ఇంధనమని ప్రభుత్వం దాని ధరను తక్కువగా ఉంచేది. పెట్రోలు కార్లున్నవాళ్లు వాడేదని దానిమీద పన్ను గట్టిగా వేసేది. 1990ల చివర్లో లీటరు డీజిల్ ధర పెట్రోలు ధరలో సగానికి అటూఇటూగా ఉండేది. రైతు కోసం ఇచ్చిన రాయితీ మీద చిన్న కారు నడపడం విధానం దృష్టిలో చూస్తే ఇబ్బందికరమే. కొనేవాడికి మాత్రం అది నెలనెలా జేబులో మిగిలే డబ్బు.

పొట్టి కారులో ఎక్కువ చోటు కావాలంటే యంత్ర భాగాలన్నీ ముందుకు నెట్టాలి. ఇంజనును అడ్డంగా పెట్టి ముందు చక్రాలకే శక్తినిచ్చే పద్ధతి అందుకే తప్పనిసరైంది. వెనక్కి పోయే పొడవాటి షాఫ్టు ఉండదు కనుక నేల చదునుగా ఉంటుంది. చక్రాలను నాలుగు మూలలకూ జరిపారు, కప్పు కొంచెం ఎత్తారు, సీట్లను నిటారుగా అమర్చారు. చట్రం విడిగా లేకుండా బాడీయే బరువు మోసే నిర్మాణం ఎంచుకున్నారు. వెనక చక్రాలకు సైతం విడివిడి సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఇవేవీ ప్రపంచానికి కొత్త కాదు. ఐరోపాలో చిన్న కార్లు ఎప్పటినుంచో అలాగే తయారవుతున్నాయి. టెల్కో ఇంజనీర్లకు మాత్రం దాదాపు ప్రతిదీ మొదటిసారే. లారీల తయారీలో నలభై ఏళ్లు పనిచేసినా, పల్చటి రేకుల బాడీ ఏ వేగం దగ్గర ఎక్కడ గడగడలాడుతుందో తెలియదు.

కారు బయటి రూపాన్ని ఇటలీలోని టురిన్‌లో ఉన్న ఐడియా ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి దిద్దారు. 1988 నాటి ఫియట్ టిపోను గీసింది ఆ సంస్థే. బయట చిన్నగా, లోపల విశాలంగా ఉన్న కారుగా టిపోకు పేరుండటం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. ఇంజను విషయంలో ఫ్రాన్సుకు చెందిన ఒక ఇంజను సంస్థ సాయం తీసుకున్నారు. సలహా బయటిదైనా, నిర్ణయాలు, పరీక్షలు, కంప్యూటర్ మీద భాగాల రూపకల్పన పుణే కేంద్రంలోనే జరిగాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివిన రతన్ టాటా ఆకృతి విషయంలో తరచూ వేలు పెట్టేవారు. ముందు అద్దానికి రెండు వైపర్లకు బదులు ఒకటే ఉండాలన్నది ఆయన సూచనే. తరవాతి రోజుల్లో రోడ్డుమీద ఇండికాను దూరం నుంచి గుర్తుపట్టడానికి ఆ ఒంటి వైపర్ ఒక గుర్తుగా మిగిలింది.

డీజిల్ ఇంజను పేరు 475. అంటే నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని వ్యాసం 75 మిల్లీమీటర్లు. సియర్రా, సుమోల్లోని 483 ఇంజనుకూ ఇదే లెక్కన పేరు వచ్చింది. డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకి చిమ్మకుండా, పైనున్న చిన్న అరలోకి చిమ్మి అక్కడ మండించడం దీని పద్ధతి. అప్పటికే ఐరోపా కంపెనీలు దీన్ని వదిలి కొత్త పద్ధతికి మారుతున్నాయి. టర్బో లేదు, ఎలక్ట్రానిక్ పంపు లేదు, శక్తి 53 హార్స్‌పవర్‌కు కాస్త పైన. కాగితం మీద చూస్తే వెనకబడిన ఇంజనే. కానీ తక్కువ ఖర్చుతో తయారవుతుంది, నాణ్యత అంతంతమాత్రంగా ఉన్న డీజిల్‌ను కూడా తట్టుకుంటుంది, లారీ బాగుచేసే మెకానిక్ ఎవరైనా దాన్ని విప్పి బిగించగలడు. ఈ మూడో గుణం కంపెనీ ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు గానీ, తరవాతి కథంతా నడిచింది దానిమీదే. అదే పరిమాణంలో పెట్రోలు ఇంజనును కూడా తయారుచేశారు.

ప్రాజెక్టు మొత్తానికి పెట్టిన ఖర్చు సుమారు 1,700 కోట్ల రూపాయలు. టెల్కో వంటి కంపెనీకి అది నిద్ర పట్టనివ్వని మొత్తం. పెద్ద దేశాల కంపెనీలు కొత్త కారుకూ, కొత్త ఇంజనుకూ, కొత్త కర్మాగారానికీ కలిపి పెట్టే డబ్బుతో పోల్చితే మాత్రం చాలా తక్కువ. అందుకే ఎక్కడ మిగులుతుందా అని వెతకాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో నిస్సాన్ కంపెనీ 1992లో తన కార్ల తయారీని మూసేసింది. అక్కడ వాడకం లేకుండా పడి ఉన్న తయారీ లైనును టెల్కో సుమారు 100 కోట్లకు కొన్నది. కొత్తగా కడితే దానికి అనేక రెట్లు అయ్యేది. యంత్రాలను విడదీసి, ఓడల్లో తెచ్చి, పుణే పక్కన పింప్రీలో మళ్లీ బిగించారు. విడిభాగాల కోసం టాటా గ్రూపు టాటా ఆటోకాంప్ సంస్థను పెట్టి సీట్లు, అద్దాల వంటి వాటికి విదేశీ సంస్థలతో ఉమ్మడి కంపెనీలు తెరిచింది. ఈ ఏర్పాటు ఫలితం ఇండికాతో ఆగలేదు. పుణే చుట్టుపక్కల కార్ల విడిభాగాల పరిశ్రమ బలపడటానికి కారణాల్లో ఇదొకటి.

1998 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కారును మొదటిసారి బయటపెట్టారు. చూడటానికి జనం విరగబడ్డారు. ఆ ఏడాదంతా మార్కెట్ వేడెక్కుతూనే ఉంది. సెప్టెంబరులో హ్యుందాయ్ సాంట్రో వచ్చింది, దేవూ మాటిజ్ కూడా వచ్చింది, డిసెంబరులో మారుతి తన ధరలు తగ్గించింది. ఇండికాలో అతి తక్కువ రకం ధర సుమారు 2.6 లక్షల రూపాయలుగా నిర్ణయమైంది. మారుతి 800 మామూలు రకం కంటే అది ఎక్కువే కాబట్టి, కొలతలోని మూడో మాట పూర్తిగా నెరవేరలేదు. కొనేవాళ్లు పట్టించుకోలేదు. బుకింగులు తెరిచిన వారంలోపే 1,15,000 మంది డబ్బు కట్టారు. అంతమందికి వెంటనే కార్లు ఇవ్వడం కర్మాగారానికి సాధ్యం కాదు.

మొదటి దెబ్బ కోర్టు నుంచి వచ్చింది. 1999 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ప్రైవేటు వాహనాలకు ఆ జూన్ నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 ప్రమాణాలు తప్పనిసరి చేసింది. ఢిల్లీ గాలి పరిస్థితి చూస్తే తీర్పును తప్పుపట్టడానికి లేదు. నాలుగు నెలల కిందట పాత పద్ధతి డీజిల్ ఇంజనుతో బయటికి వచ్చిన కంపెనీకి మాత్రం అది పెద్ద ఇబ్బంది. గబగబా ఇంజనును సవరించాల్సి వచ్చింది.

రెండో దెబ్బ కొన్నవాళ్ల నుంచి. ఇంజను శబ్దం, అదురు, టైర్లు తొందరగా అరగడం, గేరు సరిగా పడకపోవడం, లోపలి ప్లాస్టిక్ భాగాల బిగువు తప్పడం వంటి ఫిర్యాదులు మొదటి కార్ల మీద వరసగా వచ్చాయి. వీటిలో చాలా వాటికి మూలం ఒక్కటే. లారీ కొనేవాడు బండిలో శబ్దాన్ని లెక్కచేయడు, కారు కొనేవాడు దాన్నే మొదట వింటాడు. ఈ తేడా టెల్కోకు బండ్లు రోడ్డెక్కాకే పూర్తిగా తెలిసింది. కంపెనీ కార్లను పిలిపించి లోపమున్న భాగాలను ఉచితంగా మార్చింది.

2000-01లో టెల్కో నష్టం 500 కోట్ల రూపాయలు. అప్పటి భారతీయ కంపెనీల చరిత్రలో అంతటి నష్టం అరుదు. దీన్ని మొత్తం ఇండికా ఖాతాలో రాయడం పరిపాటి అయింది గానీ, అది పూర్తి నిజం కాదు. ఆ ఏడాది లారీల మార్కెట్ ఘోరంగా పడిపోయింది, కంపెనీకి అసలు ఆదాయం అక్కడి నుంచే. కార్ల విభాగాన్ని ఫోర్డ్‌కు అమ్మేద్దామని 1999లో రతన్ టాటా బృందం డెట్రాయిట్ వెళ్లిందనీ, అక్కడ మాట పడి తిరిగొచ్చిందనీ టాటా అధికారి ఒకరు చాలా ఏళ్ల తరవాత సభలో చెప్పారు. 2008లో ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్లను టాటాలు కొన్నాక ఈ కథకు ఇంకా రంగు ఎక్కింది. చెప్పింది ఒక పక్షమేనన్న సంగతి గుర్తుంచుకుంటే సరి. అమ్మకం మాత్రం జరగలేదు.

కంపెనీ ఖర్చులు కోసుకుంటూ, ఫిర్యాదుల చిట్టా ముందు పెట్టుకుని కారును దిద్దుకుంది. 2001లో ఇండికా వీ2 వచ్చింది. బయటికి పెద్ద తేడా కనిపించదు, లోపల సస్పెన్షన్, గేరు, ఇంజను బిగింపులు మారాయి. అసలు ఇండికా అంటే ఇదే. అమ్మకాలు ఎగశాయి. 2002-03 నాటికి కంపెనీ లాభాల్లోకి వచ్చింది, 2003లో పేరు టాటా మోటార్స్ అయింది.

ఇక్కడి నుంచి కారు దారి మళ్లింది. వీ2 సొంత కుటుంబాలకు అమ్ముడవుతూనే ట్యాక్సీలవాళ్ల కంటపడింది. లీటరుకు వచ్చే మైలేజీ, డీజిల్ ధర, వెనక సీట్లో ముగ్గురికి చోటు, ఎక్కడైనా దొరికే స్పేర్ పార్టులు, ఎండాకాలంలో గట్టిగా పనిచేసే ఏసీ అన్నీ కలిపి చూస్తే, రోజుకు వందల కిలోమీటర్లు తిరిగే బండికి ఇంతకు మించినది ఆ ధరలో లేదు. సుమోకు ఎనిమిది మంది దొరికితేనే గిట్టుబాటు, ఇండికాకు ముగ్గురు చాలు. సరిగ్గా అదే కాలంలో హైదరాబాదు, బెంగళూరు, పుణే నగరాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కాల్ సెంటర్లు పెరిగాయి. రాత్రి షిఫ్టు ఉద్యోగులను ఇంటి దగ్గర ఎక్కించుకుని, తెల్లవారుజామున దింపే బాధ్యత కంపెనీలదే. మాధాపూర్, గచ్చిబౌలి దారుల్లో పసుపు నంబరు ప్లేటు పెట్టుకున్న తెల్ల ఇండికాలు బారులు తీరడం ఆ దశాబ్దంలో హైదరాబాదు ప్రతి రాత్రీ చూసిన దృశ్యం. ఊళ్లో కొంత పొలం అమ్మో, ఫైనాన్సులో అప్పు తీసుకునో ఇండికా కొని, ట్రావెల్స్‌కు అటాచ్ చేసి, తానే నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్ అనే మనిషి తెలుగు జిల్లాల్లో మామూలయ్యాడు. నెలనెలా కంపెనీ బిల్లు రావడం, దాంట్లోంచి కిస్తీ పోవడం, మిగిలింది ఇంటికి పంపడం, ఇది వేలాది కుటుంబాల బడ్జెట్. ఇండికా చరిత్రలో ఇంజనీరింగ్ కంటే ఈ భాగమే బరువైనదని అనుకోవచ్చు.

ఈ విజయం సొంత కార్ల మార్కెట్లో ఇండికాకు నష్టం చేసింది. రోడ్డుమీద ట్యాక్సీలుగానే కనబడే కారును ఇంటి ముందు నిలుపుకోవడానికి మధ్యతరగతి వెనకాడింది. ధర, మైలేజీ చూస్తే ఇండికా, పరువు చూస్తే స్విఫ్ట్ అన్న పరిస్థితి వచ్చింది. కంపెనీ కూడా ఈ గీతను చెరపడానికి గట్టిగా ప్రయత్నించలేదు, ట్యాక్సీ అమ్మకాలు వదులుకోలేనంత పెద్దవి మరి.

ఇండికా మీద ఇతర బండ్లు పుట్టుకొచ్చాయి. 2002 చివర్లో వెనక డిక్కీ చేర్చి ఇండిగో తెచ్చారు. 2006 బడ్జెట్‌లో ప్రభుత్వం 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200 సీసీ, డీజిల్‌కు 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించింది. 1405 సీసీ డీజిల్ ఇంజను ఆ హద్దులో హాయిగా ఇమిడింది, ఇండిగో పొడవే ఇమడలేదు. దాంతో దాని డిక్కీని కోసి 2008లో ఇండిగో సీఎస్ తయారుచేశారు. వెనక భాగం కత్తిరించినట్టు కనబడిందన్నది నిజమే. తరవాతి ఏళ్లలో మారుతి డిజైర్‌ను కురచ చేసింది, హోండా అమేజ్ తెచ్చింది, హ్యుందాయ్ ఎక్సెంట్ తెచ్చింది. నాలుగు మీటర్లలోపు సెడాన్ అనే భారతీయ జాతికి దారి చూపింది ఆ అందవికారపు డిక్కీయే.

విదేశాల్లో అనుభవం వేరు. 2003లో బ్రిటన్‌కు చెందిన ఎంజీ రోవర్ ఇండికాను సిటీరోవర్ పేరుతో 6,495 పౌండ్లకు అమ్మకానికి పెట్టింది. అది పెట్రోలు రకం మాత్రమే. అక్కడి పత్రికలు చీల్చి చెండాడాయి. చవక ధర, డీజిల్ ఖర్చు అనే రెండు బలాలనూ తీసేశాక మిగిలింది, అక్కడి కొత్త కార్ల పక్కన నాసిగా కనబడే బండి. 2005లో ఎంజీ రోవర్ దివాలా తీయడంతో ఆ ముచ్చట ముగిసింది. ఒక ప్రాంతపు అవసరాల కోసం గీసిన కారును ఆ అవసరాలు లేనిచోట అమ్మబోతే ఏమవుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2008లో కొత్త బాడీతో, ఫియట్ 1.3 లీటర్ల డీజిల్ ఇంజనుతో ఇండికా విస్టా వచ్చింది. నిజానికి అది వేరే కారు, పేరు మాత్రం పాతది. ట్యాక్సీ మచ్చ కూడా పేరుతోపాటే వచ్చింది. పాత వీ2 మాత్రం విస్టా పక్కనే అమ్ముడవుతూ పోయింది. 2011లో ఈవీ2 పేరుతో కామన్‌రైల్ ఇంజను పెట్టుకుని మరికొన్నేళ్లు ట్యాక్సీ స్టాండ్లలో నిలిచింది. ఈలోగా దాని కింది నేల కదలడం మొదలైంది. 2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలనెలా కొద్దికొద్దిగా పెంచారు, 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు. పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య దూరం తగ్గేకొద్దీ చిన్న డీజిల్ కారు లెక్క బలహీనపడింది. యాప్ క్యాబులు వచ్చాక డ్రైవర్లు డిజైర్, ఎతియోస్ వైపు మళ్లారు.

2016లో టాటా మోటార్స్ టియాగోను విడుదల చేసింది. 2018లో ఇండికా, ఇండిగోల తయారీ ఆపేసింది. టియాగోలో మొదట చిన్న డీజిల్ ఇంజను కూడా ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చేసరికి, ఆ పరిమాణపు డీజిల్ ఇంజనును కొత్త ప్రమాణాలకు తీసుకురావడం గిట్టుబాటు కాదని దాన్ని తీసేశారు.